ఇనుపరాతి లెక్క: ధర్మకాటా నుండి ఉపగ్రహం వరకు

భారతదేశంలో రైలు ప్రయాణం చేసిన ప్రతి వ్యక్తీ, తానెరుగకుండానే, భిలాయికి కొంత ఋణపడి ఉన్నాడు. మన రైలుమార్గాలపై పరచిన పట్టాలలో అధికభాగం భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైనవే. ఆ పట్టా ఉక్కు కాకమునుపు కొలిమిలో కరిగిన ఇనుము. అంతకు మునుపు ఒక గుట్టమీది ఎర్రరాయి. ఆ రాయి గుట్టను వదలి కొలిమి చేరేలోగా దానిని అనేక పర్యాయాలు లెక్కించవలసి ఉంటుంది. ఈ రోజు ఎన్ని టన్నులు తవ్వారు? ఎన్ని టన్నులు దించారు? ఎన్ని టన్నులు రైలెక్కాయి? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పే పని ఒకనాడు మనిషి కంటికి, చేతికి, పెన్సిలుకు అప్పగింపబడి ఉండేది. నేడు పెద్ద గనులలో ఆ పని క్రమక్రమంగా యంత్రాల పరమవుతున్నది.

లెక్క చూసే విధానం మారడం పైకి సాంకేతిక విషయంగానే కనిపించవచ్చు. కాని గనిలోని లెక్కపై కార్మికుని కూలి, కర్మాగారపు ప్రణాళిక, ప్రభుత్వ ఆదాయం, భావితరాల ఖనిజ సంపద అనే నాలుగు విషయాలు ఆధారపడి ఉన్నాయి. కనుక ఈ మార్పు ఎట్లా వచ్చినదో, యంత్రం ఎట్లా లెక్కిస్తుందో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసుకొనడం అవసరం.

గుట్ట నుండి కొలిమి వరకు

భిలాయి ఉక్కు కర్మాగారం సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మింపబడింది. ఇందుకు సంబంధించిన ఒడంబడిక 1955 ఫిబ్రవరిలో కుదిరింది. మొదటి బ్లాస్ట్ కొలిమిని 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆరంభంలో సంవత్సరానికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ఈ కర్మాగారం తరువాత 25 లక్షల టన్నులకు, ఆపైన 40 లక్షల టన్నులకు విస్తరించింది. దేశపు నలుమూలల నుండి వచ్చినవారు ఇక్కడ స్థిరపడ్డారు. వారిలో తెలుగు కుటుంబాలు కూడా గణనీయంగా ఉన్నాయి.

కర్మాగారానికి ముడి ఇనుము ప్రధానంగా దల్లీ-రాజహరా గనుల నుండి వచ్చింది. భిలాయికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, నేటి బాలోద్ జిల్లాలో ఈ గుట్టలు ఉన్నాయి. ఈ ప్రాంతపు ఇనుప ఖనిజాన్ని 19వ శతాబ్ది చివరి భాగంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ్ బోస్ గుర్తించారు. రాజహరా, దల్లీ, ఝరన్‌దల్లీ, మహామాయ అనేవి ఇక్కడి గనుల పేర్లు. సున్నపురాయి నందిని నుండి, డోలమైటు హిర్రీ నుండి భిలాయికి వస్తాయి.

ఒక టన్ను ఉక్కు తయారు కావడానికి సుమారు 1.6 టన్నుల ఇనుప ఖనిజం కావాలి. అంటే 40 లక్షల టన్నుల ఉక్కుకు ఇంచుమించు 64 లక్షల టన్నుల ఖనిజం అవసరమవుతుంది. ఇంత రాశిలో నూటికి ఒక పాలు లెక్క తప్పినా అది 64 వేల టన్నులు! గని ఇచ్చిన లెక్కను నమ్మి కొలిమి నడుస్తుంది. లెక్కలో ఉన్న ఖనిజం నిల్వలో లేకపోతే కొలిమి పని కుంటుపడుతుంది.

చేతిలెక్క కాలం

దల్లీ-రాజహరాలో యంత్ర గనులతోబాటు చేతిపని గనులు కూడా చాలాకాలం నడిచాయి. పురుషులు గడ్డపారలతో, సమ్మెటలతో రాతిని తవ్వి పగులగొట్టేవారు. స్త్రీలు తట్టలతో మోసి లారీలకు ఎత్తేవారు. వీరిలో పెక్కుమంది కాంట్రాక్టరుల క్రింద, చేసిన పనిని బట్టి కూలి పొందేవారు. ఇటువంటి చోట కొలతే కూలి. రాశి ఎంత ఎత్తున ఉన్నదో, లారీ ఎంత నిండినదో నిర్ణయించేవాడు మున్షీ. అతడు కాగితంపై గీసే గీతను బట్టి ఆ ఇంట పొయ్యి వెలుగుతుంది. చదువురాని కార్మికురాలికి ఆ గీత సరియైనదా కాదా అని పరీక్షించే దారి లేదు.

ఇది ఒక్క దల్లీ-రాజహరా సమస్య కాదు. తెలంగాణలోని సింగరేణి కార్మిక కుటుంబాలకు 'కోల్ ఫిల్లర్' అనే మాట సుపరిచితం. బొగ్గు నింపిన టబ్బుల లెక్కపై ఆ కార్మికుని వేతనం ఆధారపడి ఉండేది. బ్రిటన్‌లోని బొగ్గు గనులలో 19వ శతాబ్దిలో ప్రతి కార్మికుడు తాను నింపిన టబ్బుకు తన గుర్తుబిళ్ల తగిలించి పైకి పంపేవాడు. పైన యజమాని తరఫు మనిషి తూచి వ్రాసుకొనేవాడు. టబ్బు నిండలేదని, రాళ్లు కలిశాయని కూలి కోయడం పరిపాటిగా ఉండేది. ఈ తగవులు ముదిరిన మీదట, 1860లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన గనుల చట్టం కార్మికులకు ఒక హక్కును ప్రసాదించింది. తూకం జరిగే చోట తమ తరఫున, తమ ఖర్చుతో, ఒక తూకపరీక్షకుని నియమించుకొనడమే ఆ హక్కు. 1887 నాటి చట్టం దానిని మరింత దృఢపరచింది. యజమాని మనిషి ఒకవైపు, కార్మికుల మనిషి మరొకవైపు నిలబడి ఒకే కాటాను చూసేవారు. లెక్కకు రెండు పక్షాల సాక్ష్యం ఉండాలన్న సూత్రం అట్లా చట్టంలో చోటు చేసుకొన్నది.

ఉత్తర భారతంలో లారీలను తూచే కాటాను 'ధర్మకాంటా' అంటారు. మన ఊళ్లలో 'ధర్మకాటా' అన్న బోర్డు చూస్తూనే ఉంటాము. అమ్మేవానికీ కొనేవానికీ చెందక, మధ్యస్థంగా నిలిచే కాటా అని ఆ పేరులోని భావం. గనిలో కొరవడినది అటువంటి మధ్యస్థమైన కాటాయే.

యాంత్రీకరణ, దాని వెనుక మనుషులు

1977లో దల్లీ-రాజహరా కాంట్రాక్టు కార్మికులు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌గా ఏర్పడ్డారు. శంకర్ గుహా నియోగి దానికి నాయకత్వం వహించారు. ఆ సంవత్సరం జూన్ మాసారంభంలో జరిగిన పోలీసు కాల్పులలో పదకొండుమంది మరణించారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో, బస్తర్‌లోని బైలడిలా గనుల వద్ద యాంత్రీకరణ వలన పని కోల్పోయిన కాంట్రాక్టు కార్మికుల ఆందోళన కూడా కాల్పులకు దారితీసింది. బైలడిలా తెలుగువారికి దూరం కాదు. ఆ గనులను నడిపే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. అక్కడి ఖనిజం కిరందుల్-కొత్తవలస రైలుమార్గం మీదుగా విశాఖపట్టణం చేరుతుంది.

బైలడిలా అనుభవం దల్లీ-రాజహరాలో చర్చనీయాంశమైంది. దల్లీ గనులను పూర్తిగా యాంత్రీకరించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు కార్మిక సంఘం పాక్షిక యాంత్రీకరణ అనే ప్రత్యామ్నాయాన్ని సూచించింది. తవ్వకం, ఎత్తుడు వంటి పనులలో మనుషులను ఉంచి, వారి శ్రమను తగ్గించే చోట మాత్రమే యంత్రాన్ని వాడడం దాని సారాంశం. ఆ వాదంలో ఎంత భాగం ఆర్థికంగా సరియైనదన్న విషయంలో అభిప్రాయ భేదాలు ఉండవచ్చు. కాని యంత్రం వచ్చేటప్పుడు దానివలన ఎవరి జీవితం మారుతుందో వారిని కూడా సంప్రదించాలన్న విషయం ఆ చర్చలో స్పష్టమైంది. నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. 1983లో కార్మికులు తమ చందాలతో నెలకొల్పుకొన్న శహీద్ ఆసుపత్రి దల్లీ-రాజహరాలో నేటికీ ఆ కాలాన్ని జ్ఞాపకం చేస్తున్నది.

ట్రిప్పుల లెక్కలోని చిక్కు

తట్టలకు బదులు షావెళ్లు, లారీలకు బదులు పెద్ద డంపర్లు వచ్చిన గనులలో లెక్క సులభమైందని అనుకొన్నారు. మన ఇనుప గనులలో 50 టన్నుల, 85 టన్నుల తరగతి డంపర్లు సామాన్యం. క్రషర్ దగ్గర ఒక గుమాస్తా కూర్చుండి, వచ్చిన ప్రతి డంపరుకు ఒక గీత గీస్తాడు. షిఫ్టు చివర గీతలను కూడి, డంపరు సామర్థ్యంతో గుణిస్తే ఉత్పత్తి తేలుతుంది. ఇదే ట్రిప్పుల లెక్క.

ఇందులోని చిక్కును ఒక ఉదాహరణతో చూద్దాం. 20 డంపర్లు షిఫ్టుకు తలా 12 ట్రిప్పులు వేశాయనుకొందాం. మొత్తం 240 ట్రిప్పులు. ట్రిప్పుకు 50 టన్నుల వంతున 12,000 టన్నులని పుస్తకంలో వ్రాస్తారు. కాని షావెల్ సగటున 48 టన్నులే నింపి ఉంటే నిజమైన ఉత్పత్తి 11,520 టన్నులు. 480 టన్నులు కాగితం మీద మాత్రమే ఉన్నాయి! 300 టన్నుల ఉక్కుకు సరిపడే ఖనిజం అది. దీనికి గుమాస్తా ఏ మోసమూ చేయనక్కరలేదు. అతడు వేసిన ప్రతి గీతా సత్యమే. 'ప్రతి డంపరులోనూ 50 టన్నులు ఉన్నవి' అన్న ఊహ మాత్రం అసత్యం. అర్ధరాత్రి వర్షంలో నిద్రమత్తులో ఒక గీత తప్పిపోవడం, షిఫ్టు లక్ష్యం చేరలేదన్న భయంతో ఒక గీత పెరగడం వీటికి అదనం.

యంత్రం లెక్కించే విధానం

ఈ లోపాన్ని సవరించడానికి వచ్చినదే స్వయంచాలక లెక్క. 1980 ప్రాంతంలో అమెరికాలోని రాగి గనులలో డంపర్లను కంప్యూటర్ ద్వారా నడిపించే ఏర్పాట్లు మొదలయ్యాయి. ఉపగ్రహాల ఆధారంగా స్థానాన్ని గుర్తించే జి.పి.ఎస్. 1990 దశకంలో పూర్తిగా అందుబాటులోకి వచ్చిన తరువాత ఇవి ప్రపంచమంతటా వ్యాపించాయి. 2008 నాటికి చిలీలోని గాబ్రియేలా మిస్ట్రాల్ రాగి గనిలో డ్రైవరు లేని డంపర్లే పనిచేయసాగాయి. ఈ పద్ధతిలోని ప్రధానాంగాలు నాలుగు.

మొదటిది స్థానం. డంపరులోని పరికరం ఉపగ్రహాల సంకేతాలను గ్రహించి తానెక్కడ ఉన్నదీ క్షణక్షణమూ తెలుపుతుంది. షావెల్ చుట్టూ, క్రషర్ చుట్టూ కంప్యూటరు పటంలో ఊహారేఖలతో ఆవరణలు గీస్తారు. డంపరు షావెల్ ఆవరణలో ఆగి, బరువుతో బయలుదేరి, క్రషర్ ఆవరణలో తన తొట్టిని పైకెత్తినప్పుడు మాత్రమే ఒక ట్రిప్పు పూర్తయినట్లు నమోదవుతుంది. తొట్టి ఎత్తకుండా తిరిగి వెళితే అది లెక్కకు రాదు.

రెండవది బరువు. డంపరు చట్రాన్ని మోసే సస్పెన్షన్ సిలిండర్లలో వాయువు, నూనె ఉంటాయి. పైన భారం పెరిగినకొలదీ వాటిలోని పీడనం పెరుగుతుంది. ఆ పీడనాన్ని కొలిచి భారాన్ని గణిస్తారు. షావెల్ నడిపేవానికి కనిపించేటట్లు డంపరు పక్కన రంగు దీపాలు అమరుస్తారు. తగినంత నిండగానే దీపం మారుతుంది; అతడు మరొక బకెట్టు వేయకుండా ఆగుతాడు. దీనివలన లెక్క సరిపోవడమే కాక, అధికభారం తగ్గి, టైర్లకు, బ్రేకులకు, డ్రైవరు ప్రాణానికి రక్షణ లభిస్తుంది.

మూడవది బెల్టుకాటా. క్రషర్ నుండి ఖనిజం పొడవైన రబ్బరు బెల్టుపై ప్రయాణిస్తుంది. బెల్టు క్రింద అమర్చిన తూకపు పరికరం మీటరు పొడవున ఎంత బరువున్నదో చెబుతుంది. మరొక పరికరం బెల్టు వేగాన్ని చెబుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే సెకనుకు ఎంత ఖనిజం పోతున్నదో తెలుస్తుంది. మీటరుకు 200 కిలోలు, సెకనుకు 2 మీటర్ల వేగం అయితే సెకనుకు 400 కిలోలు, గంటకు 1,440 టన్నులు. పాఠశాల విద్యార్థి చేయగల లెక్కనే ఆ పెట్టె అనుక్షణమూ చేస్తూ ఉంటుంది.

నాలుగవది రైలుకాటా. నిండిన రైలు నెమ్మదిగా కదులుతుండగానే ఒక్కొక్క వాగన్ బరువును ఇది తూచి నమోదు చేస్తుంది. అధికభారం ఎక్కించిన వాగన్లకు రైల్వేలు జరిమానా విధిస్తాయి కనుక ఇక్కడి తూకం గనికి కూడా ముఖ్యమే.

యంత్రమూ పొరబడుతుంది

యంత్రం చెప్పిన అంకె గనుక అది సత్యమే అయి ఉంటుందని భావించరాదు. బెల్టుకాటా మీద ధూళి పేరుకొంటే ఖాళీ బెల్టుకు కూడా కొంత బరువు చూపుతుంది. కనుక ఖాళీగా నడిపి సున్నాను సరిచూడడం, తెలిసిన బరువుతో పరీక్షించడం తరచుగా జరుగుతూ ఉండాలి. వానకాలంలో తడిసిన ఖనిజం డంపరు అడుగున అంటుకొనిపోతుంది. అది క్రింద పడకుండానే ప్రతి ట్రిప్పులోనూ మరల మరల బరువులో చేరుతుంది. తేమ సంగతి మరీ ముఖ్యం. నూటికి 8 పాళ్లు తేమ ఉన్న 100 టన్నుల ఖనిజంలో ఖనిజం 92 టన్నులే. మిగిలిన 8 టన్నులు నీరు. గని తడి టన్నులు చెప్పి, కర్మాగారం పొడి టన్నులు చెబితే ఇద్దరూ నిజమే చెబుతున్నా ఇద్దరి లెక్కలు కలియవు.

అందువలన జాగ్రత్తగల గని ఒకే అంకెను నమ్మదు. సర్వేయర్లు గనిని మాసాంతంలో కొలిచి, ఎన్ని ఘనమీటర్ల రాయి తొలగిందో తేలుస్తారు. దానిని సాంద్రతతో గుణిస్తే ఒక లెక్క వస్తుంది. డంపర్ల లెక్క రెండవది, బెల్టుకాటా మూడవది, రైలుకాటా నాలుగవది, కర్మాగారంలో దిగిన సరుకు అయిదవది. ఈ అయిదింటినీ పక్కపక్కన వ్రాసి, క్రషర్ వద్ద, రైలెక్కే చోట ఉన్న నిల్వలలోని హెచ్చుతగ్గులను కూడా కలిపి, తేడా ఎక్కడ వచ్చినదో వెదకడాన్ని సమన్వయ లెక్క అనవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కొలతలు కలిసినప్పుడే లెక్కకు విశ్వసనీయత కలుగుతుంది.

ప్రజల వాటా

భూమిలోని ఖనిజం తరిగిపోయే సంపద. పంటవలె అది తిరిగి మొలవదు. దానిని తీసుకొన్నందుకు గని నడిపేవారు రాష్ట్ర ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించాలని 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం నిర్దేశిస్తున్నది. ఇనుప ఖనిజంపై ఒకప్పుడు టన్నుకు ఇంత అని రాయల్టీ ఉండేది. 2009లో అది సగటు అమ్మకపు ధరలో 10 శాతంగా, 2014 సెప్టెంబర్ నుండి 15 శాతంగా మారింది. 2015లో చట్టానికి చేసిన సవరణ మేరకు జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. గనుల వలన నష్టపోయిన ప్రాంతాల ప్రజలకు త్రాగునీరు, వైద్యం, విద్య మొదలైనవి కల్పించడం వీటి లక్ష్యం. పాత లీజులపై రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం ఈ నిధికి చేరుతుంది. గనిలో ఒక లారీ లెక్క తప్పిపోతే దాని ఫలితం ఎక్కడో ఒక పల్లె పాఠశాల గోడపై కనిపిస్తుంది.

లెక్కలేని ఖనిజం ఎంత అనర్థాన్ని తెస్తుందో బళ్లారి ప్రాంతపు అనుభవం తెలిపింది. అనుమతి పత్రాలు లేకుండానే ఇనుప ఖనిజం తరలిపోయి ఎగుమతి అయిన తీరును కర్ణాటక లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే 2011 జూలైలో సమర్పించిన నివేదిక వివరించింది. ఆ మాసంలోనే సుప్రీంకోర్టు బళ్లారిలో ఖనిజ తవ్వకాన్ని నిలిపివేసింది.

ఆ తరువాత పర్యవేక్షణ సాధనాలు పెరిగాయి. లీజు సరిహద్దు వెలుపల 500 మీటర్ల మేర అక్రమ తవ్వకాలను ఉపగ్రహ చిత్రాల ద్వారా గుర్తించే వ్యవస్థను కేంద్ర గనుల మంత్రిత్వశాఖ 2016 అక్టోబర్‌లో ప్రారంభించింది. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, సంవత్సరానికి 10 లక్షల టన్నులు లేక అంతకు మించి తవ్వే గనులు, 50 హెక్టార్లు లేక అంతకు మించిన విస్తీర్ణం గల గనులు ఏటా డ్రోన్ సర్వే జరపవలసి ఉన్నది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఖనిజ రవాణా అనుమతులను కంప్యూటరు ద్వారా జారీ చేసే విధానాన్ని ప్రవేశపెట్టింది.

సాక్షి ఎవరు?

స్వయంచాలక లెక్క వలన కొన్ని పనులు పోతాయి. క్రషర్ వద్ద గీతలు గీసిన గుమాస్తా స్థానంలో ఒక తెర వెలుగుతుంది. పరికరాలను పరీక్షించేవారు, తేడాలను వెదకేవారు, సర్వే చేసేవారు కొత్తగా కావలసి వస్తారు. కాని పోయిన పని చేసినవారికే కొత్త పని తనంతట తాను లభించదు. శిక్షణ ఇచ్చి వారిని ఆ స్థానాలకు తీసుకొనిరావడం నిర్వాహకుల బాధ్యత. రాజహరా గుమాస్తాకు ఏ వర్షంలో ఏ బెంచీ రాయి అడుగుకు అంటుకొంటుందో తెలుసు. అంకెలలో తేడా వచ్చినప్పుడు కారణం చెప్పగలిగినది అటువంటి అనుభవమే.

మరొక చిక్కు కూడా ఉన్నది. డంపరు ఎక్కడ ఆగినదీ, ఎంతసేపు ఆగినదీ ఇప్పుడు కంప్యూటరుకు తెలుసు. ఆ లెక్కను ఇరుకైన మలుపులు సరిచేయడానికి, షావెల్ వద్ద వరుసలు తగ్గించడానికి వాడవచ్చు. డ్రైవరును తొందరపెట్టడానికి కూడా వాడవచ్చు. ఏటవాలు బాటలో 50 టన్నుల భారంతో దిగే డ్రైవరును ట్రిప్పుల కోసం తొందరపెట్టడం ప్రాణాపాయం. ఏ లెక్క దేనికి వాడబడునో ముందుగా చెప్పడం, ఆ అంకెలను షిఫ్టు చివర డ్రైవరుకు కూడా చూపడం న్యాయం.

దల్లీ-రాజహరా ఖనిజ నిల్వలు తరిగిపోతున్నాయి. అక్కడి నుండి దక్షిణంగా రావ్‌ఘాట్ వరకు 95 కిలోమీటర్ల రైలుమార్గాన్ని తలపెట్టడానికి కారణం అదే. భిలాయి కొలిమికి రానున్న కాలంలో ఆధారం కాగల రావ్‌ఘాట్ గుట్టలు ఆదివాసుల నివాసభూమి. అక్కడ మొదటి నుండే ఉపగ్రహం, బెల్టుకాటా, కంప్యూటరు లెక్కలు చూడవచ్చు. ఆ లెక్కలు గని కార్యాలయంలోను, రాజధానిలోను తెలిస్తే చాలదు. నేడు మన గుట్టనుండి ఎంత ఖనిజం వెళ్లింది, అందులో జిల్లా నిధికి ఎంత చేరింది అన్న రెండు అంకెలు ఆ గ్రామాల పంచాయతీ గోడపై, వారి భాషలో, ప్రతి నెలా కనబడాలి. 1860లో బ్రిటిష్ గనికార్మికుడు కాటా పక్కన నిలబడే హక్కును సంపాదించుకొన్నాడు. నేటి కాటా ఆకాశంలో ఉన్నది. దాని పక్కన నిలబడే హక్కు ఆ అంకెలను చదవగలిగినప్పుడే ఆ గ్రామాలకు దక్కుతుంది.